మిగిలిన ముక్క

రొట్టె ముక్క ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది.

స్టీలు సాసరులో పెట్టి, పైన గాజు గిన్నె బోర్లించి ఉంది. బోర్లించింది లీల. చీమలు పడతాయని పైకి అంది గానీ, జూలై నెల నడి చలికాలంలో కాన్‌బెర్రాలో చీమలెక్కడివి? ఆ ముక్కను ఎవరి కంటా పడకుండా దాచెయ్యాలని ఆమెకు లోపల ఉంది, దాచే ధైర్యం లేదు. చేతికి గాజు గిన్నె దొరికింది.

నిన్న సాయంత్రం దాన్ని తెచ్చి అక్కడ పెట్టినవారు ఆమె తండ్రి దేవదానం గారు. రేపల్లె చుట్టుపక్కల బతుకంతా పాస్టరుగా చేసి రిటైరైన మనిషి. స్నానానికి తువాలు తీసుకుందామని లినెన్ కబ్బర్డు తెరిచారు. అల్లుడు వివేక్ దేవుళ్లు ఉండేది అందులోనే. పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఆ తలుపు మూసి ఉంచుదామని వివేకే అన్నాడు. వెంకటేశ్వరస్వామి పటానికీ కుంకుమ భరిణెకూ మధ్య, టిష్యూ కాగితం మీద, బొటనవేలంత రొట్టె ముక్క కనపడింది. చర్చిలో ప్రభువు శరీరమని ఇచ్చే రొట్టె. చూడగానే ఆయన పోల్చుకున్నారు. పోయిన ఆదివారం తను కూడా అదే రొట్టె తిన్నారు.

"ఇది మీ దేవుడి అరలో దొరికింది" అని ఒక్క మాట అన్నారు. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. రాత్రి అన్నం తినలేదు. పొద్దున కాఫీ వద్దన్నారు. లీల తలుపు తడితే, "వేడినీళ్లు చాలమ్మా" అన్నారు.

ఆ 'అమ్మా' అన్న మాటకే లీల ప్రాణం సగం పోయింది. కోపం వస్తే ఆయన 'ఏమే' అంటారు. అమ్మా అన్నారంటే వ్యవహారం కోపం దాటిపోయిందన్నమాట.

"మామ్, ఇట్స్ జస్ట్ స్టేల్ బ్రెడ్" అంది అక్షర, సీరియల్ గిన్నె ముందు కూర్చుని. పదిహేనేళ్ల పిల్ల, ఆ ఊళ్లోనే పుట్టింది. "బిన్‌లో వేసేస్తే అయిపోతుందిగా?"

"నోర్ముయ్" అన్నారు తల్లీ తండ్రీ ఒకేసారి.

నిన్నటి నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

అక్షర గిన్నె పట్టుకుని తన గదిలోకి పోయింది. ఊరి శివారు హారిసన్‌లో ఆ వరస ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, గోడలు పలచన. గట్టిగా పోట్లాడుకునే వీలు కూడా లేదు. లీల గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"అసలు ఇంటికెందుకు తెచ్చావు వివేక్?"

"నీకు జరముండె గద. ఆదివారం నువ్వు రాలే. గుడికి పోయినోళ్లు రానోళ్లకు ప్రసాదం తేరా? మా అమ్మ కొంగున కట్టుకుని తెస్తుండె. నేను టిష్యూల చుట్టుకొచ్చిన."

"తెస్తే నా చేతికివ్వాలి!"

"నువ్వు పండుకున్నవ్. కిచెన్ గట్టు మీద పెడితే అక్షర టోస్టర్‌ల వేస్తదనిపించింది. అందుకే దేవుని కాడ పెట్టిన. సోమవారం ఆఫీస్‌ల రిలీజ్ ఉండె, మర్చిపోయిన." వివేక్ చేతులు చాపాడు. "అంకుల్‌కి గంత కోపమెందుకొచ్చిందో నాకు నిజంగ సమజైతలేదు లీలా. ఇంట్ల అన్నిటికన్న మంచి జాగల పెట్టిన. నా సాక్స్‌ల నడుమ పెట్టిన్నా?"

అందులో తప్పు పట్టడానికి లీలకు ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం వల్లే ఆమెకు మరింత ఒళ్లు మండింది.

కరీంనగర్ వైష్ణవుల ఇంటి పిల్లాడు వివేక్. మొదట్లో పెళ్లాన్ని చర్చి దగ్గర దించి కార్లో కూర్చునేవాడు. చలికి తట్టుకోలేక లోపలికొచ్చాడు. వచ్చినవాడిని ఎవరూ నువ్వెవరు, నీ మతమేమిటి అని అడగలేదు. పక్కనే గంగాలిన్‌లో ఒక స్కూలు హాలును ఆదివారాలు అద్దెకు తీసుకుని నడిపే చిన్న చర్చి అది. పాస్టరు ఫియోనా అనే ఆవిడ. బల్ల దగ్గర వరస కడితే బాప్తిస్మం ఉందా లేదా అని చూడరు, చెయ్యి చాపినవాళ్లందరికీ రొట్టె పెడతారు. వివేక్ చాపాడు. కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి, తీర్థం పట్టినట్టు పట్టి, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. ఇప్పుడు చర్చి బార్బెక్యూ రోజున సాసేజ్‌లు కాల్చేది అతనే. తను తినడు. పక్క కుర్చీలో కూర్చునే కెన్ అనే ముసలాయన ఇతన్ని చూసి చూసి, తనూ రొట్టె కళ్లకద్దుకోవడం మొదలుపెట్టాడు.

పోయిన ఆదివారం ఆ వరసలో అల్లుడు నిలబడటం దేవదానం గారు చూడలేదు. అప్పుడాయన ముందు వరసలో కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు.

"రేపు ఆదివారం నాన్న బల్ల దగ్గర నిలబడనంటే ఏం చెయ్యను?" అంది లీల. ఈసారి గొంతులో కోపం లేదు, భయం ఉంది. "ఫియోనాని నేనే అడిగాను. మా నాన్న చేత్తో రొట్టె పంచనివ్వమని. నాన్న ఒప్పుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందో నీకు తెలుసు. వచ్చే వారం ఆయన వెళ్లిపోతారు. మళ్లీ వస్తారా?"

"పంచకుంటే ఏమైతది లీలా? ప్రార్థన చేస్తడు, కూసుంటడు."

లీల గిన్నె కింద ముక్కను చూస్తూ కూర్చుంది.

గది తలుపు తెరుచుకుంది.

దేవదానం గారు మంకీ క్యాప్, శాలువా, కింద అల్లుడు కొనిచ్చిన ఉన్ని చెప్పులతో బయటికొచ్చారు. ఆ చెప్పులేసుకుని రోజూ పొద్దున అల్లుడితో కలిసి లైట్‌రైలు స్టాపు దాకా నడిచి, సిటీలో కాఫీ తాగి వచ్చేవారు. పదహారేళ్లు ముఖం చూడని అల్లుడితో ఆయన దోస్తీ చూసి లీల లోలోపల పొంగిపోయిన రోజులవి. నిన్న పొద్దున దాకా కూడా అలాగే ఉంది.

టేబుల్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముక్కవైపు చూడలేదు.

"ఫియోనమ్మకు ఫోన్ చెయ్యి. రేపు నేను నిలబడలేనని చెప్పు. టికెట్టు ముందుకు జరిపే వీలుంటే జరపండి."

"నాన్నా, అతనికి తెలీక..."

"తెలీకే. తెలిసి చేశాడని నేనన్నానా?" ఆయన గొంతు మెత్తగానే ఉంది. "బాబూ, నీకు ఒక సంగతి చెప్తాను విను. మా సంఘంలో బల్ల మీద మిగిలిన రొట్టె పాస్టరయ్యగారే తినాలి. నలుసు కూడా బయటికి పోకూడదు. కింద పడిన నలుసును వేలు తడిచేసి అద్ది తీసుకుని నోట్లో వేసుకోవాలి. జ్వరంలో తిన్నాను. మా ఆవిడ చచ్చిపోయిన వారం కూడా తిన్నాను. అది నా పని."

"అవునంకుల్."

"ఆ లెక్కన ఈ ముక్క నేను తినాలి. కానీ విగ్రహాల ముందు పెట్టిన వస్తువు నేను నోట పెట్టకూడదు. అదీ నా పనే. పారెయ్యకూడదు, తినకూడదు. రాత్రంతా ఆలోచించాను, నాకు దారి దొరకలేదు. అందుకే ఇక్కడ పెట్టాను. మీ ఇంట్లో మీరే తేల్చుకోండి."

వివేక్ నేల చూపులు చూశాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని అన్నం తినకుండా చేశానన్న సిగ్గు అతని మొహం నిండా ఉంది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టుర్రి అంకుల్. రేపటిది మాత్రం ఆపకుర్రి. లీల దానికోసం ఎట్ల ఎదురుచూస్తున్నదో మీకు తెల్వదు."

"నాకు తెలుసు బాబూ." దేవదానం గారు తల తిప్పి కూతురిని చూశారు. "ఎందుకు ఎదురుచూస్తోందో నీకు తెలుసా?"

లీల లేచి నిలబడింది.

"నాన్నా, వద్దు."

"ఇతనికి చెప్పలేదా?"

లీల కుర్చీ వీపు పట్టుకుంది. చెప్పక తప్పదని ఆమెకు అర్థమైంది.

"నన్ను బల్ల నుంచి ఆపేశారు వివేక్. మన పెళ్లయ్యాక రొట్టె పంచే మొదటి సంస్కారపు ఆదివారం. సంఘం ముందు నా పేరు చదివారు. చదివింది నాన్నే."

"ఆపుడంటే?"

"రొట్టె, ద్రాక్షారసం నాకివ్వరు. ఆపినవాళ్లే మళ్లీ ఆ నిషేధం ఎత్తెయ్యాలి. అప్పటిదాకా అంతే."

"అది ఆడ గద. ఈడ ఎవరాపిన్రు నిన్ను?"

"ఎవరూ ఆపలేదు. నేనే తీసుకోలేదు."

వివేక్‌కు వెంటనే ఎక్కలేదు. చర్చిలో లీల లేని పనంటూ ఉండదు. బల్ల మీద గుడ్డ పరిచేది ఆమె, కప్పులు సర్దేది ఆమె. అందరూ లేచి వరస కట్టే వేళకు మాత్రం హాలు పక్క వంటగదిలోకి వెళ్లి, టీ నీళ్లు కాచే పెద్ద స్టీలు అర్న్ ఆన్ చేస్తుంది. తిరిగొచ్చేసరికి రొట్టె అయిపోతుంది. ప్రతిసారీ అంతే.

"టీ పెట్టనీకి పోతున్నవనుకున్న" అన్నాడు.

"అలా అనుకోవాలనే."

"ఇన్నేండ్లూ?"

లీల తల ఊపింది.

"నన్ను చేసుకున్నందుకా?"

వివేక్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత జాకెట్ వేసుకుని, వెనక తలుపు తీసి పెరట్లోకి వెళ్లాడు. ఎండిపోయిన టొమాటో మొక్కలను ఒక్కొక్కటే పీకి గ్రీన్ బిన్‌లో వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ పని చెయ్యమని లీల నెలన్నర నుంచి పోరుతోంది. చేసే రోజు ఇవాళ వచ్చింది.

"ఇన్నేళ్లూ దాచి, ఆ మాట ఎత్తే పని నాకు పెట్టావు" అన్నారు దేవదానం గారు.

"మీరు చేసిన పనే కదా నాన్నా" అంది లీల. అన్నాక తనే ఉలిక్కిపడింది. తండ్రికి ఎదురుచెప్పడం ఆమె జన్మలో అది రెండోసారి. మొదటిసారి పెళ్లప్పుడు.

ఫియోనా మధ్యాహ్నం సైకిలు మీద వచ్చింది. ఫోను చెయ్యడానికి లీలకు చెయ్యి రాలేదు, ఆవిడే రేపటి పాటల సంగతి మాట్లాడదామని వచ్చింది. తల మీద ఊదారంగు ఉన్ని టోపీ, బుట్టలో తమ ఇంటి నిమ్మకాయలు. యాభై దాటిన మనిషి, కుర్రపిల్లలా చకచకా నడుస్తుంది.

దేవదానం గారు లేచి నిలబడి వందనం చేశారు. ఆడమనిషి అయినా పాస్టరు పాస్టరే, ఆ మర్యాద ఆయన తప్పలేదు. టీ వచ్చింది. గాజు గిన్నె కింద రొట్టెను ఫియోనా చూసింది. చూసి ఏమీ అడగలేదు.

ఆయనే అడిగారు. చదువుకున్న రోజుల నాటి ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగారు.

"రెవరెండ్ గారూ, మీ సంఘంలో సంస్కారం అయ్యాక మిగిలిన రొట్టె ఏం చేస్తారు?"

"మామూలుగా పిల్లలు తినేస్తారు. ఎప్పుడూ ఆకలితోనే ఉంటారుగా. ఇంకా మిగిలితే మా ఇంటి కోళ్లకు కేట్ వేస్తుంది."

"కోళ్లకా?" ఈ మాట ఆయన నోట తెలుగులోనే వచ్చింది.

తలుపు దగ్గర నిలబడి వింటున్న అక్షరకు నవ్వొచ్చింది. తల్లి కళ్లెర్రజేసేసరికి స్వెటరు చేతుల్లో మొహం దాచుకుంది.

దేవదానం గారు కప్పు కింద పెట్టారు.

"అమ్మా, నేను ముసలివాణ్ణి. మీ చర్చిలో చాలా చూశాను. ప్రసంగ పీఠం మీద స్త్రీని చూశాను, మంచి ప్రసంగమే విన్నాను. నిక్కర్లతో ప్రార్థనకు వచ్చినవాళ్లను చూశాను. మీరూ కేట్ గారూ ఒక ఇంట్లో ఎలా ఉంటున్నారో కూడా నాకు అర్థమైంది. నేను నోరు మెదపలేదు. ఇది నా ఇల్లు కాదు, నేను అతిథిని. కానీ బాప్తిస్మం లేని మనిషికి నా చేత్తో రొట్టె పెట్టమంటే పెట్టలేను. నా చెయ్యి రాదు."

ఫియోనా మొహంలో నవ్వు తగ్గింది. ఆవిడకూ కోపం ఉంది, దాచుకోలేదు.

"పాస్టర్, మీరు నోరు మెదపలేదని నాకు తెలుసు. కేట్‌కి కూడా తెలుసు. అయినా మీకు స్వెటరు అల్లింది." టీ కప్పు పక్కకు జరిపింది. "లీల అడిగింది కాబట్టి మిమ్మల్ని పిలిచాను. మీరు నిలబడితే మాకు సంతోషం. కానీ నిలబడితే వరసలో ఉన్నవాళ్లందరికీ పెట్టాలి. ఒకళ్లను ఏరి పక్కన నిలబెట్టడం నా వాళ్లకు నేను చెయ్యలేను. మా చర్చిలో సగం మంది అలా ఎక్కడో ఒకచోట పక్కన నిలబెట్టబడి వచ్చినవాళ్లే. వివేక్ కూడా నా వాడే."

"అయితే నేను నిలబడను."

"మీ ఇష్టం. రాత్రిలోగా చెప్పండి, నేను వేరే ఏర్పాటు చేసుకుంటాను. మీ మీద నాకేమీ ఉండదు."

అంతా మర్యాదగానే జరిగింది. ఎవరూ గొంతు పెంచలేదు. లీలకు మాత్రం ఎవరో తన మీద నుంచి నడిచి వెళ్లినట్టుంది. ఇద్దరు పాస్టర్లూ తమ తమ మాట మీద గట్టిగా నిలబడ్డారు, బాగానే ఉంది. ఆ మాటల మధ్య రేపటి ఆదివారం తన చేతిలోంచి జారిపోతోందని ఇద్దరిలో ఒక్కరికైనా పట్టిందా?

గేటు దగ్గర సైకిలు తాళం తీస్తూ ఫియోనా అడిగింది.

"ఆ అర్న్‌కి ఆటోమేటిక్ స్విచ్ ఉందని నీకు తెలుసు కదా లీలా?"

లీల మొహం తిప్పుకుంది.

"నేను గమనించాను" అంది ఫియోనా. "నువ్వే చెప్తావని అడగలేదు. తప్పు చేశానేమో."

సైకిలు మలుపు తిరిగేదాకా లీల గేటు దగ్గరే నిలబడింది. చలికి వేళ్లు మొద్దుబారాయి.

సాయంత్రం అయింది. రేపు రొట్టె చేసే వంతు లీలది. ఎవరి వంతు వస్తే వాళ్లు తమ ఇంటి తీరులో చేసి తేవడం ఆ చర్చి అలవాటు. లీల ఎప్పుడు వంతు వచ్చినా కొనుక్కొచ్చి ఇచ్చేది. ఈసారి అమ్మ చేసినట్టు పులియని రొట్టె చెయ్యాలనుకుంది. ఉప్పు వెయ్యకూడదు, నూనె తగలకూడదు, చేస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. శనివారం పొద్దుపోయే వేళ అమ్మ అలా పిండి కలుపుతుంటే ఇల్లంతా పిల్లిలా నడిచేది.

తండ్రి నిలబడినా నిలబడకపోయినా రొట్టె చెయ్యాలి. లీల పిండి కలిపింది. పెనం పెట్టింది. చపాతీ కర్ర తీసుకుంది.

దేవదానం గారు వచ్చి వంటింటి గట్టుకు అవతల నిలబడ్డారు. కాసేపు చూశారు.

"ఇంకా పలచగా ఒత్తు. మీ అమ్మ అంత మందంగా చేసేది కాదు."

లీల పలచగా ఒత్తింది. మాట్లాడకూడదు కనక మాట్లాడలేదు.

"రేపు నేను నిలబడతాను" అన్నారాయన.

కర్ర ఆగింది.

"నీకు నా చేత్తో రొట్టె ఇస్తాను. సంఘం ముందు నీ పేరు చదివింది నేనే, ఎత్తేసేదీ నేనే. పెద్దలతో ఊరెళ్లాక మాట్లాడుకుంటాను, అది నా తిప్పలు. మీ అమ్మ పోయేటప్పుడు కూడా అదే అడిగింది." ఆయన శాలువా సర్దుకున్నారు. "అతను మాత్రం వరసలోకి రాకూడదు. కుర్చీలోనే కూర్చోవాలి. అతనంతట అతనే రాకపోతే ఎవరూ ఎవరినీ ఆపినట్టు కాదు. ఫియోనమ్మ మాటా పోదు, నా మాటా పోదు."

లీలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్ల నుంచి ఎదురుచూసిన మాట! ఎన్నిసార్లు కల వచ్చింది, తండ్రి తెల్ల అంగీతో నిలబడి, పళ్లెంలోంచి ముక్క విరిచి తన చేతిలో పెడుతున్నట్టు! ఆ మాట ఇప్పుడు నిజంగా ఆయన నోట వచ్చింది. ఊఁ అంటే చాలు.

వివేక్ పెరటి తలుపు దగ్గర, మట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఒప్పుకో లీలా" అన్నాడు. "నాకేమైతది? నేను తినకుంటే ఏం ఫరక్ పడదు. ఇది నీది. నాకోసం పోగొట్టుకున్నవ్, తీస్కో."

"డాడ్, నో!" అంది అక్షర. "ఎవ్రీవన్ గెట్స్ ఇట్. దట్స్ ద హోల్ పాయింట్. తాతయ్యా, దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్."

"నువ్వుండు బిడ్డా." వివేక్ నవ్వడానికి ప్రయత్నించాడు. "కుర్చీల కూసుంటే అందరు చూస్తరు, కెన్ వచ్చి లేపుతడు. గదంతా ఎందుకు? వరస మొదలైనప్పుడు నేను కిచెన్‌లకి పోత. రేపు అర్న్ నేను చూసుకుంట."

ఆ మాట అనకుండా ఉంటే, ఆ ఆదివారం ఎలా గడిచేదో ఏమో. లీల ఊఁ అనేదేమో కూడా. అంటే ఆమెను తప్పు పట్టేవాళ్లు ఎవరున్నారు?

అర్న్ దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. నీళ్లు కాగుతూ బుసకొడుతుంటాయి. సర్వింగ్ కిటికీ సందులోంచి పాట సగం సగం వినపడుతుంది. లోపల ఒక్కొక్కళ్లకూ రొట్టె అందుతుంటే, ఇక్కడ కప్పులు లెక్కపెడుతున్నట్టు నటించాలి. అయిపోయాక నవ్వుతూ బయటికి రావాలి. అక్కడ రేపు వివేక్ నిలబడతాడు. తను ఇక్కడ చెయ్యి చాపుతుంది.

లీల చేతుల పిండి దులుపుకుంది. గట్టు చుట్టూ తిరిగి డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చింది. గాజు గిన్నె ఎత్తి పక్కన పెట్టింది.

"వివేక్, ఇది ఎవరికోసం తెచ్చావు?"

"నీకే గద" అన్నాడు అతను, ఏమీ అర్థంకాక.

"నాకే కదా."

ముక్క తీసుకుంది. అటుపక్క కుంకుమ మరక ఉంది. దులపలేదు. నోట్లో పెట్టుకుంది.

వారం రోజుల రొట్టె, పళ్లకు రాయిలా తగిలింది. ఫియోనా వేసిన రోజ్‌మేరీ వాసన పోయింది, అగరుబత్తి వాసన మిగిలింది. లీల నమిలింది. ఆ చప్పుడు అందరికీ వినపడింది. మింగడానికి చాలాసేపు పట్టింది. కళ్లలో ఆగిన నీళ్లు చెంపల మీదికి వచ్చాయి, తుడుచుకోలేదు.

"లీలా!" అన్నారు దేవదానం గారు. టేబుల్ అంచు పట్టుకున్నారు. ఏమే అనలేదు, అమ్మా అనలేదు. "ఎవరు పెట్టారు నీకది?"

"మా ఆయన."

ఆయన కూతురి మొహం మీంచి చూపు తప్పించి కిందికి చూశారు.

సాసరులో ఒక నలుసు మిగిలింది. నువ్వుగింజంత ఉంది, అంతకంటే లేదు.

దేవదానం గారి చెయ్యి దానంతటదే కదిలింది. చూపుడువేలు పెదవికి ఆనించి తడి చేసుకున్నారు. వంగి, సాసరులో అద్దారు. నలుసు వేలి కొనకు అంటుకుంది. బతుకంతా చేసిన పని, చెయ్యి ఎవరినీ అడగలేదు. వేలు పైకి లేచాక ఆయనకు తెలిసింది తను ఏం చేస్తున్నదీ.

వేలు ఆగిపోయింది.

"తాతయ్యా..." అనబోయింది అక్షర. లీల ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. వివేక్ మట్టి చేతులతో తలుపు దగ్గరే ఉండిపోయాడు.

పెనం మీద మొదటి రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ అటు వెళ్లలేదు. అందరూ ఆ ముసలాయన వేలినే చూస్తున్నారు. ఆయన కూడా దాన్నే చూసుకుంటున్నారు.